ఖాళీ చేసిన గ్రౌండు

ఉత్తరం వైపు పోలు లేదు.

శ్రీరమ్యకు ముందు అర్థం కాలేదు. రోజూలాగే ప్రేయర్ బెల్లుకు బాగా ముందే వచ్చి, పుస్తకాల సంచి గోడవార పెట్టి, ఓణీ నడుముకు బిగించుకుంటూ అటు చూసింది. దక్షిణం పోలు ఎక్కడిదక్కడే ఉంది. ఉత్తరం చివర, నిన్న సాయంత్రం దాకా ఖోఖో కోర్టు సున్నంగీత ఉన్నచోట, నల్లటి పట్టా పరిచి ఉంది. పట్టా నిండా మిరపకాయలు. పోలు పాతిన గుంతలో ఎవరో రాయి కుక్కి మట్టి కప్పారు.

కాస్త అవతల కాపలా మనిషికి కొత్తగా పాక లేచింది. దాని నడిమి గుంజ తెల్లగా మెరుస్తోంది. కిందటేడు డ్రిల్లు మాస్టారు తన చేత్తో వేసిన రంగు అది.

కాయకోతలు మొదలైతే హైస్కూలు గ్రౌండులో సగం కల్లమైపోవడం ఊరికి కొత్త కాదు. కాయలు స్కూలు కమిటీ చైర్మన్ శివరామకృష్ణయ్య గారివి. క్లాసులో కూర్చుంటే ఘాటు కిటికీల్లోంచి వచ్చి, లెక్కల మాస్టారు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య పాఠం చెప్పేవాడు. కానీ పోలు దాకా ఎప్పుడూ రాలేదు. పైగా వానలకు వాయిదాపడిన మండల పోటీలు ఈ శనివారమే.

మిగతా ఆడపిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి ఆ గుంత చుట్టూ నిలబడ్డారు. జైతున్‌బీ ఆఖర్న వచ్చింది. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ పరుగుకి సిద్ధంగా ఉన్నట్టుండే పిల్ల. జట్టులో పోలు దగ్గర దూకి రన్నరును ముట్టుకోవడం దానికొక్కదానికే వచ్చు. గుంతని కాలితో తట్టి, "నన్ను పాతండి ఇక్కడ. నా చుట్టూ తిరగండి," అంది. అందరూ నవ్వారు. శ్రీరమ్యకు నవ్వు రాలేదు.

డ్రిల్లు మాస్టారు మార్కు వచ్చి, సైకిలు దిగి, పాకని చూశాడు, గుంతని చూశాడు. ఆయన్ని వలంటీరుగా పెట్టుకున్నది స్కూలు కమిటీ. మళ్ళీ ఏడు ఉంచాలో వద్దో చెప్పేదీ కమిటీయే. సైకిలు స్టాండు వేసి, వెళ్ళి గుంత పక్కన చేతులు ఒంటికి ఆనించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"నేనే పోలు. కానివ్వండి," అన్నాడు.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత వరసలో కూర్చున్నారు. "ఖో" అరుపులు మొదలయ్యాయి. జైతున్‌బీ మాస్టారి నడుము పట్టుకుని గిరుక్కున తిరిగి దూకింది. మాస్టారు తూలి, వెనక్కి ఒక అడుగు వేశాడు. బూటు కింద కాయలు పటపటమన్నాయి.

పాకలోంచి కాపలా అంకయ్య బయటికి వచ్చాడు. కాయలు తొక్కుతున్నారేమిటని, కళ్ళు కనపడటం లేదా అని, పిల్లలందరి ముందూ మాస్టారి మీద కేకలేశాడు. ఈ సంగతి అయ్యగారి చెవిన వేస్తానన్నాడు. మార్కు మాస్టారు వంగి, బూటు కింద నలిగిన కాయల్ని ఏరి పట్టా మీద వేసి, రెండడుగులు ముందుకు జరిగి మళ్ళీ పోలులాగా నిలబడ్డాడు.

ఆ నిలబడటం శ్రీరమ్యను పొద్దంతా వదలలేదు. సోషల్ క్లాసులో పాఠం చెవికెక్కలేదు. బెంచీ కింద పాదాలు ఊరికే కదులుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం హెడ్మాస్టరు శేషాచలం గారి గదికి వెళ్ళింది. ఆయన మెత్తటి మనిషి, ఎవర్నీ గట్టిగా కసిరి ఎరగడు. అంతా విని, కిటికీలోంచి గ్రౌండుకేసి చూసి, మనం తాగే నీళ్ళ ట్యాంకు ఎవరు కట్టించారో తెలుసా అమ్మా అని అడిగాడు. తెలుసంది. పదిహేను రోజులు ఓపిక పడితే కాయలు ఎండి వాటంతటవే వెళ్ళిపోతాయన్నాడు.

"పోటీలు శనివారం సార్."

"అదే మరి," అన్నాడాయన, జవాబు చెప్పినట్టే.

ఇంటికి వెళ్ళి తల్లితో చెప్పింది. వెంకటరావమ్మ కందులు చెరుగుతూ, జట్టులో మిగతా పిల్లలకు లేని బాధ నీకెందుకే అంది. వాళ్ళకూ ఉంది, చెప్పటంలేదంతే అంది శ్రీరమ్య. చెప్పనివాళ్ళు తెలివిగలవాళ్ళని తల్లి చాట విదిలించింది. తండ్రి బుల్లయ్య చేలోంచి ఇంకా రాలేదు. శ్రీరమ్య వాకిట్లో కూర్చుంది, లేచింది, దొడ్లోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది.

*

ఆ వారం ప్రేయర్‌లో వార్తలు చదివే వంతు తొమ్మిదో తరగతిది. మంగళవారం శ్రీరమ్యది. తెలుగు మాస్టారు పేపర్లోంచి టిక్కు పెట్టి ఇచ్చిన వార్తలు చదివింది. గుజరాత్ భూకంప బాధితులకు పాతబట్టలు ఇవ్వదలచినవారు కార్యాలయంలో అందజేయాలి. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రత్యేక బస్సులు. ఇక "వార్తలు ఇంతటితో సమాప్తం" అనాలి. పేపరు మడిచింది.

"ఇప్పుడు మన పాఠశాల వార్తలు," అంది.

అలాంటి వార్తలు ఎప్పుడూ ఉండవు. తెలుగు మాస్టారు తల ఎత్తాడు.

"మన పాఠశాల బాలికల ఖోఖో జట్టు శనివారం మండల పోటీలకు వెళుతోంది. ఆటస్థలంలో ఉత్తరం వైపు స్తంభాన్ని పెకలించి, మిరపకాయల కాపలా పాకకు గుంజగా వేశారు. డ్రిల్లు మాస్టారు స్తంభంలాగా నిలబడగా విద్యార్థినులు సాధన చేస్తున్నారు. కాయలు తొక్కినందుకు మాస్టారిని పిల్లల ముందు కోప్పడ్డారు. వార్తలు ఇంతటితో సమాప్తం."

చదువుతున్నంతసేపూ గొంతు వణకలేదు. అయిపోయాక పేపరును ఇంకో మడత పెట్టింది. ఎవరూ కదల్లేదు. ఆరో తరగతి వరసలో ఎవరో గట్టిగా తుమ్మారు. దాంతో స్కూలంతా గొల్లున నవ్వింది. హెడ్మాస్టరు చెయ్యెత్తి క్లాసులకు వెళ్ళమన్నాడు.

ఆ రోజంతా ఆమెను హెడ్మాస్టరు గదికి ఎవరూ పిలవలేదు. ఇంటర్వెల్లులో పదో తరగతి వాళ్ళు కూడా వచ్చి చేయి కలిపారు. జైతున్‌బీ ఆమె మెడ చుట్టూ చేయి వేసి, "రేడియోలోలాగే చదివావే," అంది. సాయంత్రం మాత్రం మార్కు మాస్టారు సైకిలు నడిపించుకుంటూ ఆమె పక్కకు వచ్చాడు.

"పోలు సంగతి చదివావు, బాగుంది. నన్ను తిట్టిన సంగతి ఎందుకమ్మా చదివావు? చూడనివాళ్ళక్కూడా తెలిసింది."

జవాబు చెప్పేలోగా ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

*

బుధవారం మధ్యాహ్నం చైర్మన్ గారు వచ్చారు. శ్రీరమ్యను హెడ్మాస్టరు గదికి పిలిపించారు. వెళ్ళేటప్పుడు ఏమేం అనాలో మనసులో వరసగా పెట్టుకుంది. ఏదీ అవసరం పడలేదు. శివరామకృష్ణయ్య గారు ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కాలో, కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ కూర్చున్నారు.

"నువ్వు మన బుల్లయ్య కూతురివా? వార్తలు బాగా చదివావంట. పోలు పీకిన సంగతి మావాళ్ళు నాకు చెప్పలేదమ్మా. సాయంత్రానికల్లా గ్రౌండు ఖాళీ అవుద్ది. హాయిగా ఆడుకోండి."

ఆమె "థాంక్సండి," అంది. ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"ఒకటేనండీ. నావి తీసేశాక ఇంకెవరి కాయా అందులో ఉండటానికి లేదు. అందరికీ ఒకటే రూలు."

"న్యాయమే కదండీ," అన్నాడు శేషాచలం గారు, గుండెల మీంచి బరువు దిగినట్టు.

శ్రీరమ్యకూ న్యాయంగానే వినపడింది. క్లాసుకు పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

సాయంత్రం రెండు ట్రాక్టర్లు వచ్చాయి. చైర్మన్ గారి మనుషులు కాయలు గోతాలకెత్తి, పట్టాలు చుట్టి, ఊరవతల ఆయన కొత్తగా చదును చేయించిన స్థలానికి తోలుకెళ్ళారు. పొద్దుగూకక ముందే అయిపోయింది. అంకయ్య పాక పీకి, పోలును తెచ్చి మాస్టారి ముందు పడేశాడు. మార్కు మాస్టారు గుంత తవ్వి, పోలు నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి దిమ్మిసతో కొడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. సున్నంగీతలు కొత్తగా పడ్డాయి. ఇంత గ్రౌండు ఉందా మనకి అనిపించింది శ్రీరమ్యకు.

ఆట మొదలుపెడదామని వెనక్కి తిరిగితే జైతున్‌బీ వరసలో లేదు.

దక్షిణపు గోడ మూల, కోర్టుకు చాలా దూరంలో, జైతున్‌బీ తండ్రి సిలార్ మోకాళ్ళ మీద కూర్చుని కాయలు గోతాలకు ఎత్తుతున్నాడు. కౌలు చేను కాయలు. ఉన్నది చిన్న పట్టా, నాలుగు మంచాలు వేసినంత మేర. జైతున్‌బీ గోతాం మూతి పట్టుకుని ఉంది. ఆమె తల్లి పట్టా మీద మిగిలిన కాయల్ని చీపురుతో దగ్గరికి ఊడుస్తోంది. గేటు దగ్గర అటెండరు వాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

శ్రీరమ్య పరిగెత్తుకుంటూ వెళ్ళింది. "మీరెందుకు తీస్తున్నారు?"

సిలార్ తల ఎత్తలేదు. "తీయమన్నారు," అన్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు?"

"ఎక్కడికో అక్కడికి," అంది జైతున్‌బీ. "నువ్వెళ్ళి ఆడుకో."

గోతాం నెత్తికెత్తుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. శ్రీరమ్య తిరిగి వచ్చి వరసలో కూర్చుంది. వెనక నుంచి "ఖో" అని వీపు తడితే లేవడం మర్చిపోయింది.

*

గురువారం జైతున్‌బీ స్కూలుకు రాలేదు. దాని జాగాలో ఒక ఎనిమిదో తరగతి పిల్లని పెట్టి ఆడించారు. ఆ పిల్ల పోలు దాకా వచ్చి, దూకటానికి భయపడి ఆగిపోయేది. సాయంత్రం బెల్లు కొట్టగానే శ్రీరమ్య ఇంటికి పోకుండా మెయిన్ రోడ్డుకు నడిచింది.

తారు అంచు వెంట కాయలు పొడుగ్గా, సన్నగా పరిచి ఉన్నాయి. బళ్ళు ఎక్కకుండా వరసగా రాళ్ళు పేర్చి, రెండు చివర్లా తుమ్మకంప పెట్టారు. జైతున్‌బీ పాదాలు ఈడ్చుకుంటూ, కాయల మధ్య చాళ్ళు తీస్తూ తిరగేస్తోంది. దాచేపల్లి వైపు నుంచి సిమెంటు లారీ వచ్చింది. దాని గాలికి కాయలు లేచి రోడ్డు మధ్యకు దొర్లాయి. జైతున్‌బీ లారీ వెళ్ళేదాకా ఆగి, చీపురు పట్టుకుని పరిగెత్తింది. ఎర్రటి కాయల మీద బూడిదరంగు దుమ్ము సన్నగా దిగింది.

శ్రీరమ్య కూడా వంగి ఏరబోయింది.

"వద్దులే. చేతులు మండుతాయి."

"నాకు కొత్తా?"

ఇద్దరూ ఏరారు. ఏరిన కాయలు పట్టా మీద పోశాక జైతున్‌బీ నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"మా కాయలు మీ గీతలకి అడ్డమొచ్చినయ్యా?"

"లేదు."

"మరి ఆ ముక్క వార్తల్లో చదవలేదే?"

"మీ కాయల సంగతి నాకు గుర్తు రాలేదు జైతూ."

"రోజూ వాటి పక్కనేగా సంచులు పెట్టుకునేది," అంది జైతున్‌బీ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "శనివారం నేను రావటంలేదు. అమ్మా నాన్నా రెండో కోతకు పోవాలి. చెట్టు మీద పండిన కాయ ఆగదు. ఇక్కడ మనిషి లేకపోతే గేదెలు తొక్కుతాయి, లేకపోతే ఎవడో గోతాం నింపుకుపోతాడు. మాస్టారికి చెప్పు."

శుక్రవారం పొద్దున శ్రీరమ్య మళ్ళీ హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడింది. సిలార్ కాయలు ఆటకు ఏనాడూ అడ్డం కాలేదని, ఆ మూల ఎవరూ ఆడరని చెప్పింది. శేషాచలం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నువ్వు అడిగిందే కదమ్మా జరిగింది, ఇప్పుడు ఒకరిని రానిస్తే రేపు నలుగురు వస్తారు, అప్పుడు చైర్మన్ గారికి నేనేం చెప్పను అన్నాడు. ఆయన మాటలో తప్పు ఎక్కడుందో ఆమె వేలుపెట్టి చూపించలేకపోయింది. అది మరీ చికాకు పెట్టింది. అసెంబ్లీలో ఇంకోసారి చదివేస్తే అనుకుంది. ఒకసారి చదివితే ఏమయిందో చూశాక ఆ ఆలోచన నిలవలేదు.

జట్టు పిల్లల్ని అడిగింది, శనివారం కోసం వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా కాయల దగ్గర కూర్చుంటారేమోనని. అందరి ఇళ్ళల్లోనూ కోతలే. అందరి తల్లులూ చేలల్లోనే. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి తల్లినడిగితే, మన కాయలకే మనిషి దొరక్క చస్తున్నామంది వెంకటరావమ్మ.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మార్కు మాస్టారు గీతల దగ్గర మిగిలిన సున్నం డబ్బాలోకి ఎత్తుకుంటున్నాడు.

"సార్, జైతున్‌బీ వస్తుంది రేపు. నేను రాను."

ఆయన డబ్బా కింద పెట్టాడు. "కెప్టెన్‌వి నువ్వు."

"దాన్ని చెయ్యండి సార్. పోలు దగ్గర నేను లేకపోయినా ఆట నడుస్తుంది. అది లేకపోతే నడవదు."

"రేపు జిల్లా నుంచి చూడటానికి వస్తున్నారు. ఎంపికలు రేపే. అక్కడ లేనివాళ్ళని ఎవరూ తీసుకోరు."

"తెలుసు సార్."

మాస్టారు సున్నం అంటిన చేత్తోనే ఆమె తల మీద ఒక్కసారి తట్టాడు.

అక్కడి నుంచి రోడ్డు మీదికి వెళ్ళింది. సిలార్ కాయలు కుప్పపోసి, మంచు పడకుండా పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడుతున్నాడు. సంగతి చెప్పింది. ఆయన రాయి పెట్టడం ఆపలేదు. ఆట మానుకుని నువ్వు మా కాయలకాడ కూర్చున్నావంటే మీ నాన్న నన్ను అంటాడమ్మాయ్ అన్నాడు. అనడులే అంది. నీకు చాతనవుద్దా అన్నాడు.

"మాదీ కాయే కదా బాబాయ్."

జైతున్‌బీ పట్టా అవతల నిలబడి ఇద్దరి మాటలూ వింటోంది. చెప్పులు వేసుకుని ఇంటికి పోతూ మధ్యలో తిరిగి, "తెల్లబడ్డ తాలుకాయలు కనపడితే ఏరి పక్కన పెట్టు. కలపబాక," అంది.

*

శనివారం పొద్దున జట్టు ఎక్కిన బస్సు ఆమె ముందు నుంచే వెళ్ళింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులూపారు. జైతున్‌బీ కిటికీ పక్కనే ఉంది. ఊపలేదు. మెడ తిప్పి కనిపించినంత దూరం చూసింది.

శ్రీరమ్య పాదాలతో చాళ్ళు తీస్తూ కాయలు తిరగేసింది. ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి. ఎండ ముదిరేకొద్దీ ఘాటు లేచింది. తాలుకాయలు ఏరింది. గేదెల మంద వస్తే కంప పట్టుకుని అదిలించింది. ఖాళీ దొరికినప్పుడల్లా మనసు అక్కడికి పోతోంది. ఇప్పుడు టాస్ వేస్తుంటారు. ఇప్పుడు వరసలో కూర్చుని ఉంటారు. తను కూర్చునే జాగాలో ఎవరు కూర్చున్నారో, లేవాల్సిన చోట లేచారో లేదో. కాళ్ళు వాటంతటవే పక్కకు తిరిగి పరుగుకి సిద్ధమయ్యేవి. లారీ హారన్ వింటే ఉలిక్కిపడేది.

చైర్మన్ గారు మోటారు సైకిలు మీద వెళుతూ ఆమెను చూసి ఆపారు.

"పోటీలకు పోలేదా?"

"కాయల దగ్గర మనిషి లేరండి."

"మీ కాయలా ఇవి?"

"సిలార్ బాబాయ్‌వి. గ్రౌండులోంచి తీసినవి."

ఆయన దుమ్ము పట్టిన కాయల్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. కిక్కు కొట్టి వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా బస్సు వచ్చింది. గెలిస్తే దూరం నుంచే అరుపులు వినపడాలి. వినపడలేదు. బస్సు ఆగి, జైతున్‌బీ ఒక్కతే దిగింది. మోకాలికి గుడ్డ కట్టి ఉంది. వచ్చి, చెప్పులు విడిచి, కాయలు దగ్గరికి లాగడం మొదలుపెట్టింది.

"చెప్పవే," అంది శ్రీరమ్య.

"మొదటి ఆట గెలిచాం. రెండోది పోయింది. ఒక్క రన్నరు చేతికి దొరక్క పోయింది."

"నీ మోకాలు?"

"దూకితే గీసుకుంది." కాయల మీంచి చూపు ఎత్తకుండా చెప్పింది. "జిల్లాకి నన్ను తీసుకున్నారు. నన్నొక్కదాన్నే. గుంటూరులో వారం రోజులు ఆడిస్తారంట."

తెలిసి చేసిన పనే. పొద్దున్నుంచీ ఈ మాటకు సిద్ధపడుతూనే ఉంది. అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతుల నిండా కారం, తుడుచుకోటానికి లేదు. అలాగే నిలబడిపోయింది. జైతున్‌బీ లేచి వచ్చి, తన ఓణీ కొస నోటి ఆవిరితో తడిచేసి, చిన్నపిల్లకు తుడిచినట్టు మోటుగా తుడిచింది.

సిలార్, అతని భార్య కోత గోతాలతో సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. జైతున్‌బీ గుంటూరు సంగతి చెప్పింది. తల్లి వంగి కూతురి మోకాలి గుడ్డ సరిచేసింది. సిలార్ సైకిలు మీది గోతాలనీ, రోడ్డు మీది కాయలనీ చూశాడు. రెండో కోత కూడా ఇక్కడే పరవాలంటే చోటు చాలదు. పిడికెడు కాయలు తీసి దుమ్ము ఊదాడు. పోలేదు.

"అమ్మాయ్, సోమవారం నాతో హెడ్మాస్టరు గారి కాడికి వస్తావా?" అన్నాడు శ్రీరమ్యతో.

"నేను చెప్పాను బాబాయ్. వినలేదు."

"నువ్వు చెప్పబాక. నేను చెప్తా. ఆ మూల ఎవరికీ అడ్డం కాదని నేనే అడుగుతా. నువ్వు పక్కన నిలబడితే చాలు."

శ్రీరమ్య తలూపింది. సిలార్ పట్టా విప్పి ఒక కొస ఆమెకు అందించాడు. మంచు మొదలవకముందే కుప్ప కప్పాలి. రెండో కొస జైతున్‌బీ పట్టుకుంది.